ఎర్రగుడ్డ కట్టిన వైరు

పదిహేను రోజుల కింద, పొద్దున నేను దుకాణం షట్టర్ సగం లేపానో లేదో, మా వీధి కండక్టరన్న స్కూటర్ ఆపి, దిగకుండానే చెప్పాడు. "పెద్దాయన పోయిండు రా. తెల్లారంగ చాయ్ తాగి గోడకొరిగి కూసున్నడట. గంతే." నేను షట్టర్ మళ్లీ కిందికి గుంజాను. ఇద్దరం ఒకే స్కూటర్ మీద వెళ్లాం.

ఇబ్రహీంపట్నంలో మైక్ సెట్ పెద్దాయన అంటే పాతవాళ్లందరికీ తెలుసు. నాకు చుట్టం కాదు. మా ఇంటి గోడ, వాళ్లింటి గోడ ఒక్కటే. నేను పెద్దనాయిన అని, ఆయన భార్యను పెద్దమ్మ అని పిలిచేవాణ్ని. ఒకప్పుడు కోహెడ నుంచి మహేశ్వరం దాకా ఏ ఊళ్లో పెళ్లయినా ఆయన గొట్టం మైకులే మోగేవి. తర్వాత డీజే బాక్సులు వచ్చాయి. ప్లాట్లు అమ్మేవాళ్లు ఆటోలకు కట్టుకుని తిరిగే రికార్డు గొంతులు వచ్చాయి. ఆయన సామానంతా వదిలించుకున్నాడు గాని, తన చేతులతో కట్టిన ఒక్క వాల్వు సెట్టును మాత్రం ముందు గదిలో పెట్టుకున్నాడు. దానికి ఒకటే స్పీకర్. పాత బీరువా తలుపుల చెక్కతో డబ్బా చేశాడు.

స్విచ్ వేయగానే ఆ సెట్టు పలకదు. అరనిమిషం పడుతుంది. వాల్వులనే గాజు బుడ్ల లోపల సన్నని ఎరుపు మొదలై మెల్లగా నిండుతుంది. ఆ అరనిమిషంలో ఆయన కళ్లద్దాలు తీసి, తువ్వాలుతో తుడుచుకునేవాడు. తుడవాల్సినంత దుమ్ము ఉన్నా లేకున్నా తుడిచేవాడు. మధ్యలో ఎవరన్నా మాట్లాడితే చేయి అడ్డం పెట్టి, "జరాగు, సెట్టు లేస్తున్నది" అనేవాడు. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోలేకపోయేవాళ్లం. పెద్దమ్మ మాత్రం, "నాకు ఇంకో పొయ్యి తెచ్చిపెట్టిండు మీ పెద్దనాయిన" అని నవ్వేది.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకే. సిమెంటు, ఇనుము అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తాను. రోజూ ఇంటికొచ్చాక నా సొంత నోటుబుక్కులో కూడా నాలుగు వరుసలు రాసుకోవడం అలవాటు. మిగతా చదువు ఏమన్నా ఉంటే అది ఆయన బల్ల పక్కన నేర్చుకున్నదే. టంకం పట్టడం, మీటరు చూడడం, చెవి పెట్టి వినడం. ఆయన ఎప్పుడూ పాఠం చెప్పినట్టు చెప్పలేదు. పని చేస్తూ ఒక్కో మాట వదిలేవాడు. "గట్టిగ మోగేది ఎప్పుడూ మంచిగనే అనిపిస్తది. అది చెవికున్న రోగం. ముందు రెండు సెట్ల గొంతు సమానం చెయ్యి, తర్వాత ఏది మంచిదో మాట్లాడు." ఇంకోటి: "వైరును కండ్లతోని నమ్మకు. చేతిల పట్టుకొని కొస దాకా పో."

ఈ రెండో మాట నేను మరిచిపోయిన రోజు గురించి చెప్పాలి.

కండక్టరన్న బస్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పట్నం పోయి ఒక ట్రాన్సిస్టర్ సెట్టు తెచ్చుకున్నాడు. నల్లగా, సన్నగా, రిమోటుతో ఉండేది. కుడికొకటి, ఎడమకొకటి స్పీకర్లు. దాన్ని తెచ్చినప్పటి నుంచి రోజూ పెద్దనాయిన అరుగు మీద ఇదే పంచాయితీ.

"ఏం పెద్దాయన, నీ దీపాల సెట్టు ఇంకా మండుతున్నదా? నాది నొక్కుడే ఆలస్యం, పాట."

"పాట వస్తది. పాడే మనిషి రాదు."

"మనిషెందుకు? వస్తే మళ్ల చాయ్ పొయ్యాలె."

ఇట్లా మూడు నెలలు. చివరికి ఒకరోజు పెద్దనాయినకు కోపం వచ్చింది. "సెట్లు రెండూ పరద ఎనక పెట్టుదాం. స్పీకర్ ఒక్కటే. ఏది పాడుతున్నదో సూడకుండ ఇందాం. నా చెవి తప్పిందనుకో, ఏ సెట్టు గొప్పదన్న ముచ్చట ఇగ ఈ జన్మల నా నోట రాదు."

"నేనోడితే?"

"నువ్వోడితే నీ సెట్టు నీకే ఉంటది. అంతకన్న శిక్షేముంది?"

అందరం నవ్వాం. పెద్దమ్మ మాత్రం బియ్యం ఏరుతున్న చేతిని ఆపి ఆయన వైపు చూసింది. గొట్టాలు పోయాయి, పిలుపులు పోయాయి. నలుగురిలో కూర్చుంటే ఆయన దగ్గర మిగిలింది ఆ ముచ్చట ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం ఏర్పాట్లన్నీ నావే. పెద్దమ్మ పాత చీర ఒకటి దండెం మీద వేసి పరద కట్టాను. రెండు సెట్లకూ ఒకే టేప్ నుంచి పాట ఇచ్చాను. మీటరు పెట్టి గొంతులు సమానం చేశాను. కొత్త సెట్టు నుంచి కుడికీ ఎడమకూ రెండు వైర్లు, వాల్వు సెట్టు నుంచి ఒకటి. మూడూ ఒకే చుట్టలోంచి కోసిన నల్ల వైర్లు, మూడింటి కొసకూ ఒకే రకం సాకెట్. స్పీకర్ ప్లగ్గును నేను ఒకసారి వాల్వు వైరులో, ఒకసారి కొత్త సెట్టు వైర్లలో ఏదో ఒకదాంట్లో పెట్టాలి. గుర్తు కోసం ఎర్రగుడ్డ కట్టడం పెద్దనాయిన పద్ధతి. పెళ్లి పందిళ్లలో కూడా ఆయన అట్లానే చేసేవాడు. వాల్వు సెట్టు వైరుకు ఎర్రగుడ్డ కట్టాను. పరద కిందినుంచి వైర్లు లాగుతుంటే ఆ ముడి ఊడింది. మళ్లీ కట్టాను. చేత్తో పట్టుకుని కొస దాకా పోలేదు. చూసి కట్టాను.

టేపులో ఉన్నది ఎన్నో ఏళ్ల కింద ఒక పెళ్లిలో పెద్దనాయిన స్వయంగా పట్టిన ముసలామె పాట. "ఒకటి" అని కాసేపు, "రెండు" అని కాసేపు వినిపించాను. గంటసేపు అట్లానే మార్చి మార్చి వేశాను. మధ్యలో పెద్దమ్మ, "ఏందో మాడిన వాసనొస్తున్నది" అంది. "నీ పొయ్యి మీద పప్పేమో సూస్కో పో" అన్నాడు కండక్టరన్న.

పెద్దనాయిన కళ్లు మూసుకునే చెప్పాడు. "రెండోది నాది. ఆమె ఊపిరి తీస్కునేది ఇనొస్తున్నది. ఒకటోదాంట్ల ఊపిరి లేదు."

కండక్టరన్న కూడా తల గోక్కున్నాడు. "అవ్. రెండోది జర మెత్తగుంది. ఒప్పుకోవాలె."

"నాకైతే రెండూ ఒక్క తీరే ఇనొస్తున్నయి" అంది పెద్దమ్మ. ఇద్దరూ కలిసి ఆమెను ఆట పట్టించారు. నేను పరద వెనక నుంచి ఎర్రగుడ్డ చూసి, "రెండే వాల్వు" అని చెప్పాను. పెద్దనాయిన లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు. కండక్టరన్న తానే పోయి అందరికీ చాయ్ తెచ్చాడు.

వాళ్లు అరుగు మీద చాయ్ తాగుతుంటే నేను వైర్లు చుట్టడానికి కూర్చున్నాను. అప్పుడు చేత్తో పట్టుకుని పోయాను. ఎర్రగుడ్డ ఉన్న వైరు కొత్త సెట్టు వెనక్కి పోయింది. గుడ్డ లేనిది కూడా అక్కడికే పోయింది. వాల్వు సెట్టు వైరు మూలన ఒంటరిగా, ఖాళీ సాకెట్‌తో పడి ఉంది. గంటసేపు వాళ్లు విన్నవి రెండూ కొత్త సెట్టు గొంతులే. వాల్వు సెట్టేమో స్పీకర్ లేకుండా గంటసేపు లోపలికే పాడుకుంది. దానికి అట్లా చేయకూడదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. చేయి పెట్టబోతే దోసె పెనంలా ఉంది.

బయట పెద్దనాయిన నవ్వు వినిపిస్తోంది. నేను నోరు తెరవలేదు. ఇంటికెళ్లి నోటుబుక్కులో రాసుకున్నాను: "ఎర్రగుడ్డ తప్పు వైరుకు కట్టాను. రెండూ కొత్త సెట్టే. చెప్పలేదు."

మర్నాడు సాయంత్రం ఆయన సెట్టు వేస్తే బుడ్లు వెలిగాయి గాని, గరగర తప్ప పాట రాలేదు. మూత విప్పి, వాసన చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ పోయిందిరా. దాని వయసు గూడ అయింది" అన్నాడు. కోఠిలో నాలుగు దుకాణాలు తిరిగాం. అలాంటిది ఎక్కడా దొరకలేదు. "దొరకకపోతే తీగ నేనే చుడత" అన్నాడు. చుట్టే యంత్రం ఇంట్లోనే ఉంది. కట్టెపీటకు సైకిల్ చక్రం ఇరుసు బిగించి, పక్కన చేతిపిడి పెట్టుకున్నది. వెంట్రుకంత తీగ. ఒక్క వరుస చుట్టి, కాగితం వేసి, మళ్లీ ఒక వరుస. ఆయన చూపు అప్పటికే తగ్గింది. చుడుతూ లెక్క పెట్టుకోలేడు. "రోజూ సాయంత్రం వచ్చి చుట్లు లెక్కపెడ్తవా పిలగా?" అని అడిగాడు.

రెండు నెలలు పట్టింది. ఆయన పిడి తిప్పేవాడు, నేను పైకి లెక్కపెట్టేవాణ్ని. వంద అయితే నా నోటుబుక్కులో ఒక గీత. లేచేముందు ఆయన నా బుక్కు తీసుకుని, భూతద్దం పెట్టి గీతలు చూసుకుని, పెన్సిల్‌తో చివర ఒక టిక్కు పెట్టేవాడు. మైకులు అద్దెకిచ్చే రోజుల్లో వచ్చిన సామాను అట్లానే సరిచూసుకునేవాడట. నేను ప్రతిరోజూ ఈ రోజు చెప్పాలి అనుకుంటూ పోయేవాణ్ని. పిడి తిరగడం మొదలయ్యాక లెక్క తప్పుతుందేమోనన్న సాకు దొరికేది. చెబితే రెండు పోతాయి. నా మీద ఆయన నమ్మకం ఒకటి. ఆ ఆదివారం ఆయన ముఖంలో చూసిన వెలుగు ఇంకొకటి. నేను ఏది కాపాడుతున్నానో నాకే సరిగా తెలియదు.

ఒకరోజు మాత్రం పక్కదారిన అడిగాను. "పెద్దనాయిన, వాల్వుకు, ట్రాన్సిస్టర్‌కు నిజంగ తేడా ఉంటదా?"

ఆయన పిడి ఆపలేదు. "ఉంటది. గని ఆ తేడా సెట్టుల ఉన్నదో, నా చెవిల ఉన్నదో ఎవరికెర్క? లెక్క తప్పకు. ఎంతయింది?"

"ఏడు వందల నలభై."

"ఆఁ. కానియ్."

సెట్టు మళ్లీ పలికిన రోజు ముసలామె పాటే పెట్టాడు. బాగుంది అనలేదు, బాగాలేదు అనలేదు. కళ్లద్దాలు తుడుచుకుని విన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ సెట్టు నడిచింది. కండక్టరన్న వచ్చి, "మొత్తానికి ఆ రోజు నన్ను ఓడగొట్టినవ్ పెద్దాయన" అంటే, "ఆనాటి ముచ్చట ఇప్పుడెందుకు, నీ కొత్త పాటలేవో పెట్టు పోదాం" అని ఆయనే లేచి వాళ్లింటికి బయల్దేరేవాడు. అక్కడ ట్రాన్సిస్టర్ సెట్టు ముందు కూడా అంతే శ్రద్ధగా కూర్చునేవాడు. గెలిచినవాడి పెద్దమనసు అనుకున్నాను.

ఈ నాలుగు ముక్కలు రాద్దామని మొన్న పాత నోటుబుక్కు తీశాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు మొత్తం ఎన్ని చుట్లు పట్టాయో సరిగా రాయాలని. గీతలున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పాను. ప్రతి పేజీ చివరా ఆయన టిక్కు ఉంది. గీతలు మొదలైన పేజీ దాటి ఇంకా వెనక్కి పోయాను. చేత్తో పట్టుకుని కొస దాకా పోయినట్టే పోయాను. పోటీ జరిగిన ఆదివారం పేజీ వచ్చింది. "చెప్పలేదు" అన్న మాట పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు.

ఆయన ఎప్పుడు చూశాడో తెలియదు. నన్ను తిట్టలేదు. అడగలేదు. కాని ఆ బుక్కు మూసేశాక నాకు ఒక్కటి గుర్తొచ్చింది. ఆ రెండు నెలల నుంచి చివరి రోజు దాకా, ఏ సెట్టు గొప్పదన్న మాట ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు. ఓడినవాడు ఏం చేస్తానన్నాడో అది చేశాడు. ఎవరికీ తెలియకుండా చేశాడు.

దినాలు అయిపోయాక పోయి పెద్దమ్మకు అంతా చెప్పాను. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నోటితో చెప్పడం. ఇది రాస్తే ఆయన పరువుకు తక్కువవుతుందా అని అడిగాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "రాయి. నేనానాడే చెప్పిన గద రెండూ ఒక్క తీరున్నయని. ఒక్కలన్న ఇన్నరా?" అంది. కండక్టరన్నకు నేను విడిగా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటాడు. మన్నించమని ఇక్కడే అడుగుతున్నాను.

"ఒకసారి పెట్టు బిడ్డా" అంది పెద్దమ్మ. వాల్వు సెట్టు వైరును చేత్తో పట్టుకుని స్పీకర్ దాకా పోయాను. మళ్లీ ఒకసారి వెనక్కి వచ్చాను. స్విచ్ వేశాను. గదిలో చప్పుడు లేదు. పెద్దమ్మ గూట్లోంచి ఆయన కళ్లద్దాలు తీసుకుని, కొంగుతో ఒక అద్దం, తర్వాత ఇంకో అద్దం, మెల్లగా తుడుస్తూ కూర్చుంది. బుడ్లు ఎర్రబడేదాకా తుడుస్తూనే ఉంది.