సేవ్ నొక్కే ముందు

మెదక్‌లోని ఒక చిన్న కంటి దవాఖానాలో నా పక్క కుర్చీ, నాతో పనిచేసే ఒకామెది; నేను అక్కా అని పిలిచేదాన్ని. రోగుల పేర్లను రోజూ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానిలోకి ఎక్కించడం మా పని. దానికోసం అక్క రూబీ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. అది నడుస్తుంటే విండోలు వాటంతటవే తెరుచుకునేవి, తెరమీది మౌస్ బాణం దానంతటదే కదిలేది. మధ్యలో ఎవరైనా మౌస్ ముట్టుకుంటే అంతా చెడుతుంది. అందుకే అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"మౌస్ మీదికెల్లి చెయ్యి తియ్యరాదే, దాని పని అది చేసుకుంటది" అని నన్ను కసిరేది.

సేవ్ నొక్కే ముందు మాత్రం బాణం కాసేపు ఆగేది.

"గీడెందుకు ఆగుతదక్కా?"

"పేరు సదివేటందుకు. మనిషి పేరు కదనే, ఎవరో ఒకరు సూడొద్దా?"

ప్రతి పేరునూ పెదవులు కదుపుతూ చదివేది.

వేరే ఉద్యోగం దొరికి అక్క హైదరాబాద్ వెళ్లిపోయింది. ఫోన్ నంబరూ మారింది. ఆ ఆగడం తీసేస్తే పని తొందరగా అవుతుందని మేనేజర్ అంటాడు. ఏ లైను తీసేయాలో నాకు తెలుసు. తీయలేదు.

నిన్న హవేలిఘనపూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ వివరాలు ఎక్కుతుంటే, ఆమెదీ అక్క పేరే అని తెరమీద కనబడింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. బాణం ఎప్పటిలా కాసేపు ఆగి, సేవ్ నొక్కి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయింది. నేనింకా ఆ పేరే చదువుతున్నాను.