బావ తెచ్చిన మంచుకొండ రాయి

మా బావ కాశీవిశ్వనాథానికి పాతపట్నంలో కిరాణా కొట్టుంది, సుగరుంది, నోరుంది. లేనిదల్లా వర్తక సంఘం అధ్యక్షుడి కుర్చీ. అది ఏళ్ళ తరబడి ఎదురుకొట్టు నరసింగరావు కింద నలుగుతోంది. ఘనకార్యమేదైనా చేస్తే తప్ప అది దక్కదని, మొన్న వేసవిలో సిక్కిం బయల్దేరాడు. కాంచనగంగ జాతీయ పార్కులో మంచు శిఖరం ఎక్కుతాడట. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట.

అక్కడేం జరిగిందో నాకొక్కడికే చెప్పాడు. శిఖరాలు కనిపించే చోటుదాకా గుర్రం మోసింది. ఆపైన తలపోటు, వాంతులు. గుడారంలో ముసుగుతన్ని, సందులోంచి శిఖరాలకో దణ్ణం పెట్టి దిగొచ్చాడు. గుర్తుగా ఓ రాయి జేబులో వేసుకుంటే, పార్కులోంచి పూచికపుల్లైనా తీసుకెళ్ళకూడదని కాపలావాడు లాగేసుకున్నాడు.

వట్టి చేతులతో వస్తే పరువేం కాను? నౌపడలో బండి మారాలి. తీసుకురావడానికి వెళ్ళిన నా కళ్ళముందే, పట్టాల మధ్య కంకరరాయి ఒకటి ఏరి సంచిలో వేసుకున్నాడు.

"ఏటి బావా అది?"

"శిఖరంరా. నోర్మూసుకో."

యాత్ర చేసొచ్చినవాళ్ళకి మావైపు కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్తారు. మా అక్క పార్వతీదేవి ఆయన కాళ్ళు కడిగింది. రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. పరమేశ్వరుడి కొండ రాయని ఊరంతా కొబ్బరికాయలు పట్టుకొచ్చింది. బావే రోజూ తలస్నానం చేసి దానికి నీళ్ళు పోసి, పువ్వు పెట్టేవాడు. ఎక్కని శిఖరం కూడా రోజురోజుకీ ఎత్తు పెరిగింది. చివరికి, ఈసారి అధ్యక్షుడు విశ్వనాథమే అన్నారు సంఘంవాళ్ళు.

ఎన్నికనాడు అందరూ బావ ఇంట్లోనే కూర్చున్నారు. నరసింగరావు పేచీ పెట్టాడు.

"నానేటీ అడ్డు సెప్పను. ఆ రాయి మీద సెయ్యేసి, శిఖరం ఎక్కినానని ఒక్క మాట సెప్పు. కుర్సీ నీదే."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. కంకరరాయి మీద ఒట్టు ఎవరికి తగుల్తుంది? బావ లేచి గూటి దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాచాడు. అంతలోనే వెనక్కి లాక్కున్నాడు. "ఇవాళ మంచిది కాదు" అని గొణిగి కూలబడ్డాడు. కుర్చీ మళ్ళీ నరసింగరావుదే అయింది.

అందరూ పోయాక నాకు ఒళ్ళు మండింది. "నీకు మతుందా బావా? అది నౌపడ కంకరని నీకు తెలీదేటి?"

"తెల్సురా. కానీ ఇన్నాళ్ళు పూజ సేసినాను. కళ్ళు పోతాయని భయమేసింది."

"కంకరకేటి భయం?"

"అయితే నువ్వెయ్యి సెయ్యి. మా బావ శిఖరం ఎక్కినాడని సెప్పు, సూద్దాం."

గూట్లో రాయి పసుపు పూసుకుని కూర్చునుంది. నేను పనుందని చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.