ఎండను అనుమానించిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. తెల్లవారి లేపితే లేవలేదు. దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఊళ్లో మాత్రం స్లాబు మీది సోలార్ పలకలే ఆమెను పొట్టన పెట్టుకున్నాయంటున్నారు. వచ్చే అమావాస్య దాటగానే వాటిని విప్పిస్తానని మా చిన్నాయన పట్టుబట్టాడు. అందుకే ఇది ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

మాది దంతాలపల్లి దగ్గరి పల్లె. అమ్మానాన్నలు పని కోసం ఊళ్లు తిరుగుతుంటే పెద్దమ్మే నన్ను తన ఇంట్లో పెట్టుకొని చదివించింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. పోయి రావడానికి నేను కరెంటు స్కూటర్ కొన్నప్పుడు, దాని చార్జింగ్ కోసమే ఆమె పలకలు పెట్టించింది.

పెట్టించింది గానీ నమ్మలేదు. కుండ కొన్నా, తలుపు చేయించినా వేలితో తట్టి, చెవి పెట్టి వినేది. "మంచిగుందని వాళ్లంటరు. అది గూడ అనాలె గద" అనేది. పలకలనూ అట్లాగే తట్టింది.

"అమ్మా, అది అద్దం" అన్నాడు బిగించడానికి వచ్చిన మనిషి.

"అద్దమైతె నా మొకం కనపడాలె గద."

మనం వాడుకోగా మిగిలిన కరెంటు స్తంభం తీగల్లోకి పోతుందని, ఆ మేరకు బిల్లు తగ్గుతుందని చెప్పాను. మొదటి సగమే ఆమె చెవికెక్కింది. ఇక పక్కింట్లో మిక్సీ మోగితే చాలు, "మనదే తాగుతున్నరు" అని గొణిగేది. కేసముద్రంలో పెళ్లికి పోయే రోజు ఆమె కనిపించకపోతే స్లాబు ఎక్కి చూశాను. వడ్ల మీద కప్పే పరదాను పలకల మీద పరిచి, మూలలకు ఇటుకలు పెడుతోంది.

"ఇదేంది పెద్దమ్మా?"

"మనం ఇంట్ల లేంది ఎవలికి పారాలె గా కరెంటు? ఎండకు గూడ తాళమేసి పోవాలె బిడ్డా."

బిల్లు సంగతి మళ్లీ చెప్పాను. పరదా మాత్రం తీయనివ్వలేదు.

మంచి ఎండలో కరెంటు పోతే పలకలూ ఆగిపోయేవి. ఆమె వాకిట్లో నిలబడి ఓసారి సూర్యుణ్ని, ఓసారి ఆగిన ఫ్యానును చూసేది. చివరికి బిగించిన మనిషిని ఫోన్‌లో నిలదీసింది. తీగలు బాగుచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అవి వాటంతటవే ఆగుతాయని అతను చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు కరెంటు పోయినా విసనకర్ర అందుకొని, "ఎవడో స్తంభమెక్కినట్టున్నడు. మంచిగ దిగనియ్యి" అనేది. తట్టి చూడకుండా ఆమె నమ్మింది నాకు తెలిసి అదొక్కటే.

ఆమె పడుకునే గది గోడకు అవతలే నా స్కూటర్‌ను చార్జింగ్‌కు పెడతాను. ఆమె పోయిన రోజూ పెట్టే ఉంది. చిన్నాయన పట్టుకున్నది అదే.

"గోడల నుంచి గుంజింది బిడ్డా. పానం గూడ కరెంటసొంటిదే."

"దవాఖానోళ్లు గుండె అన్నరు గద చిన్నాయినా."

"ఆళ్లు గోడను చూసిన్రా?"

బిగించిన మనిషిని పిలిపించి వైర్లన్నీ చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు. "అమ్మినోడు ఉన్నదంటడా?" అన్నాడు చిన్నాయన.

పలకలను తన ఇంటికి ఎత్తుకుపోయే ఉపాయమేమోనని నేనాయన్ను అనుమానించాను. తేల్చుకుందామని నిన్న ఆయన్నే స్కూటర్ ప్లగ్గు తీయమన్నాను. ఆయన తువ్వాల చేతికి చుట్టుకొని, మొహం పక్కకు తిప్పుకొని తీశాడు. అది ఉపాయం కాదు, భయం. ఆయన పోయాక నేనూ ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగానే ఉంది. అయినా ప్లగ్గు మళ్లీ పెట్టడానికి కొంతసేపు పట్టింది.

అమ్మినవాళ్ల మాట ఆయన వినడు. నా మాటనేమో చదువుకున్నదాని మాటని కొట్టిపారేస్తాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంటి మీద పలకలుండి, గోడ పక్కనే బండి చార్జింగ్ పెట్టుకొనేవారు నాకు నాలుగు మాటలు రాయండి. ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. మీది ఏ ఊరో, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ గోడకు ఏ వైపు తలపెట్టి పడుకుంటారో తప్పకుండా రాయండి. ఆయన మొదట అడిగేది అదే. అమావాస్య లోపు అందితే చాలు.