పొయ్యి దగ్గర ఫొటో

నిన్న ఫలక్‌నుమాలో ఒక ఇంటి గడప దాటగానే డాంబర్ గోళీల వాసన గుప్పుమంది. ఇనుప పెట్టెలోంచి అప్పుడే తీసిన దుప్పటి మంచం మీద పరిచారు. మడతల గీతలు ఇంకా పోలేదు. ఆ ఇంటి అమ్మాయికి మా కాలేజీలో డిగ్రీ సీటొచ్చింది. లేనివాళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పులిచ్చే ట్రస్టు ఆమె ఫీజు కట్టాలంటే, ఇంట్లోవాళ్ళ ఆదాయం రాసిచ్చినంతేనా కాదా అని ఒకరు వెళ్ళి చూసి రావాలి. ఆ ఒకరు ఇప్పుడు నేను. దుప్పటి మీద కూర్చున్నానన్న మాటే గానీ, ఆ వాసన నన్ను జహనుమాలోని మా ఇంటికి, మా ముందుగదిలో కూర్చుని సేమ్యా పాయసం తింటున్న వసుంధర మేడం దగ్గరికి లాక్కుపోయింది.

మేడం మా కాలేజీలో కామర్స్ చెప్పేవారు. కోస్తా నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. మనిషి పొట్టి, గొడుగు మాత్రం ఇద్దరు పట్టేంత. ఏదైనా గట్టిగా ఆలోచించాల్సి వస్తే భుజం మీది పిన్నీసు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకునేవారు. స్కాలర్‌షిప్పుల కోసం ఇళ్ళకు వెళ్ళి చూసే పని ఎవరికీ అక్కర్లేకపోతే ఆమె నెత్తికెత్తుకున్నారు. మా బాపు బీరువాలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఏ రోజు కూలి ఆ రోజు చేతిలో పెట్టేవారు, దానికో కాగితం ఉండేది కాదు. ఆదాయ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం గానీ, అది అందరి దగ్గరా ఉండేదే. మేడం ఇంటికొచ్చి చూసి ఏం రాస్తే అదే లెక్క. ఆమె కాదంటే నా చదువు ఇంటర్‌తో సరి, మా మేనత్త కూతురితో పాటు బట్టల దుకాణంలో నిలబడాల్సిందే.

అందుకని ఇల్లు ఎట్లా ఉందో అట్లాగే ఉంచమని మా అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటే కదా. మేడం వచ్చే రోజు నేను బజారుకు వెళ్ళొచ్చేసరికి మా ముందుగదిని నేనే గుర్తుపట్టలేదు. పక్కింటి రజియా చాచీ వాళ్ళ మెత్తల కుర్చీలు, వెనక గల్లీ మేరీ ఆంటీ వాళ్ళ టేబుల్ ఫ్యాను, ఎవరిదో గోడ గడియారం. మంచం మీద పెట్టెలోంచి తీసిన దుప్పటి.

“ఏందమ్మా ఇదంత? మనం లేనోళ్ళమని చూసుడుకే గదా ఆమె వస్తున్నది?” అన్నాను ఏడుపు గొంతుతో.

“అయితే? ఇంటికొచ్చిన మనిషిని కాలిరిగిన స్టూలు మీద కూసోవెడ్తనా? మనకు ఇజ్జత్ లేదా?”

“ఇజ్జత్ చూస్కుంట కూసుంటే ఫీజు ఎవరు కడ్తరు?”

బాపు ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “ఊకో బిడ్డా. పెండ్లయిన్నాటి సంది నేనే గెలువలే, నువ్వేం గెలుస్తవు?” అన్నాడు.

మేడం వచ్చారు. మెత్తల కుర్చీలో కూర్చున్నారు. ఫ్యాను వైరు మా స్విచ్చు దాకా అందలేదు, అది పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఓ మూల ఊరికే నిలబడింది. అమ్మ స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. మా దగ్గర స్టీలు సామాను మీద పేరు కొట్టించనిదే వాడరు కదా, గ్లాసు మీద రజియా పేరుంది. పాయసం గిన్నె మీద మేరీ పేరుంది. కింద పెట్టిన పళ్ళెం మీద ఏదో దంపతుల పెళ్ళి కానుక అని ఉంది. మేడం తాగుతూ, తింటూ వాటిని అటూ ఇటూ తిప్పడం నేను చూస్తూనే ఉన్నాను. ఇంతలో ఆమె ఫోన్ బయటికి తీశారు. ఇంటి ఫొటో లేనిదే ట్రస్టువాళ్ళు ఒప్పుకోరు. ఈ కుర్చీలు, ఈ గడియారం ఫొటోలో పడ్డాయంటే ఇక నాకు ఫీజు ఎవరిస్తారు?

మేడం గది చుట్టూ చూశారు. పిన్నీసు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. “సత్తెమ్మగారూ, పాయసం చాలా బాగుందండీ. ఇది చేసిన చోట మీ ఫొటో ఒకటి తీసుకుంటాను,” అన్నారు.

అమ్మ కంగారు పడింది. “అయ్యో, ఆడేముంది మేడం, అంత మసి!”

“మసి లేకపోతే అది పొయ్యేనా అండీ? రండి, తల దువ్వుకుని రండి.”

అమ్మ మురిసిపోతూ తల దువ్వుకుంది. అమ్మ ఎరువు తెచ్చిన సామాను వంటింటి దాకా రాలేదు. పెచ్చులూడిన చెమ్మగోడ, ఒంటి పొయ్యి, మూత సొట్టపడ్డ బియ్యం డబ్బా, మా సొంత పళ్ళేలు. వాటి మధ్య మా అమ్మ నవ్వుతూ నిలబడింది. అదే ఫొటో.

ఆటో ఎక్కించడానికి వెంట వెళ్ళి, గల్లీ మలుపులో ఆగలేక చెప్పేశాను. “మేడం, ఆ కుర్చీలు, ఫ్యాను మావి కావు.”

“తెలుసమ్మా. గ్లాసులు చెప్పాయిగా,” అన్నారు నవ్వుతూ. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు. “మీ అమ్మగారితో మాత్రం అనకు. నా కోసం ఎన్ని గడపలెక్కారో పాపం. అంత మర్యాద చేసిన మనిషిని నేను చిన్నబుచ్చకూడదు కదా.”

నా ఫీజు కట్టారు. ఏటా మళ్ళీ చూసి రాయాలి కాబట్టి మూడేళ్ళూ ఆమె వచ్చారు, మూడేళ్ళూ అమ్మ గల్లీ అంతా తిరిగి ముందుగది నింపింది. ఒక ఏడాదైతే చేపల తొట్టి కూడా తెచ్చింది. బాపు దాన్ని చూసి, “వచ్చేయేడు ఏనుగును తెస్తవా ఏంది?” అన్నాడు. మేడం చేపల గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా వాటికి రెండు బిస్కట్ ముక్కలు వేసి, నేరుగా పొయ్యి దగ్గరికి నడిచారు.

డిగ్రీ పూర్తయ్యాక అమ్మ ఒక స్టీలు గ్లాసు కొని, దాని మీద ‘వసుంధర మేడం గారికి’ అని కొట్టించి ఆమె చేతిలో పెట్టింది. మేడం దాన్ని రెండు చేతులతో తీసుకుని, రెండు చేతులతోనే తిరిగిచ్చారు. “ఇవాళ మీ ఇంట్లో తీసుకుంటే, రేపు ఇంకో ఇంట్లో అడిగినట్టే అవుతుందండీ.” అమ్మ మొహం చిన్నబోయింది. అది చూసి మేడం, “ఇక్కడే ఉంచండి. నేనెప్పుడొచ్చినా ఇందులోనే తాగుతాను,” అన్నారు. అన్నట్టే బోనాలకు వచ్చినా, ఊరికే ఇటు వచ్చినా గ్లాసు అడిగి తీసుకుని తాగేవారు.

తర్వాత నన్ను తన పనిలోనే చేర్చుకున్నారు. ఆమె గొడుగు కింద ఎన్ని గల్లీలు తిరిగానో. లేనిది తెచ్చిపెట్టే మా అమ్మకు తలకిందులుగా, ఉన్నది దాచేవాళ్ళూ తగిలారు. ఒక ఇంట్లో ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, పైన దేవుడి పటం పెట్టారు. దుప్పటి కింద అది గుర్రుమంటోంది. నాకు ఒళ్ళు మండింది. మేడం మాత్రం, “ఫ్రిజ్‌కి జ్వరమా అండీ?” అని అడిగారు. ఆ ఇంటావిడ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. భర్తకు పనున్నప్పుడు కొన్నారట, ఆయన పడకేసి ఏడాదైందట. తలుపు తీస్తే లోపల నీళ్ళ సీసాలు, ఎండిపోయిన నిమ్మచెక్క. మేడం ఫ్రిజ్ ఉందని రాశారు, నిమ్మచెక్క సంగతీ రాశారు. దారిలో నాతో, “దాచినావిడదీ, తెచ్చిపెట్టుకున్న మీ అమ్మగారిదీ ఒకటే భయం. కోపం తెచ్చుకుంటే నీకేమీ కనిపించదు,” అన్నారు. కోపం నా జన్మహక్కు. ఆమె పక్కన ఉన్నన్నాళ్ళూ దాన్ని అదుపులో పెట్టుకున్నాను.

రిటైరయ్యాక ఆమెకు జబ్బు చేసింది. చివరిసారి ఫోన్‌లో గొంతు బాగా సన్నగిల్లి ఉంది. “ఎండలు తగ్గాక వస్తాను. గ్లాసు కడిగి పెట్టమను,” అన్నారు. ఎండలు తగ్గకముందే కబురొచ్చింది. సైదాబాద్ వెళ్ళి, గుమ్మం పక్కన ఆనించి ఉన్న గొడుగును చూశాక ఇక లోపలికి అడుగు పడలేదు.

నిన్న ఫలక్‌నుమా ఇంట్లో నేనూ వంటింట్లోకే వెళ్ళి ఫొటో తీశాను. రాత్రి అన్నం తింటూ అమ్మకు చెప్పాను. అమ్మ ముసిముసిగా నవ్వింది.

“నువ్వు గూడ పొయ్యికాడికే వోయినవా?”

“గూడ అంటే?”

“మేడం ఫొటో ఆడెందుకు తీసిందో నాకెర్క లేదనుకున్నవా? మొదటిసారి ఎర్కలే. నువ్వు ఆమెను ఆటో ఎక్కియ్య పోయినంక గిన్నెలు కడుగుతుంటే వాటి మీద రజియా, మేరీ పేర్లు కండ్ల వడ్డయి. సిగ్గుతోటి సచ్చిన. గందుకే ఆ తర్వాత వంటింట్ల ఒక్క చెంచ గూడ జరపలే. ఆమె అటే పోతదని ఎర్కే గదా.”

“మరి కుర్చీలెందుకు తెచ్చినవు? ఆ చేపల తొట్టెందుకు?”

“ఆమె కూసోవాలె గదనే! జెర మంచిగ కనవడాలె గద!”

“ఈ ముచ్చట మేడంకు చెప్పినవా?”

“ఎందుకు చెప్పుడు? ఆమె నాకు చెప్పిందా?”

నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. అమ్మ చిన్నబోకూడదని మేడం, మేడం ఇబ్బంది పడకూడదని అమ్మ, ఇద్దరూ నా చదువును మధ్యలో పెట్టుకుని ఎంత మర్యాదగా నటించారో! ఈ మాట ఆమెకు చెప్పాలని ఉంది. పిన్నీసు సర్దుకుంటూ, “సత్తెమ్మగారు నన్ను గెలిచారే!” అని ఆమె నవ్వడం చూడాలని ఉంది. ఎవరింటికి వెళ్ళినా ముందు వంటిల్లు ఎటుందో చూడటం ఆమె నాకిచ్చిన అలవాటే. కానీ బయటికొచ్చాక మాట్లాడుకుంటూ నడవడానికి ఆ గొడుగు పక్కన లేదు.

అమ్మ పడుకున్నాక అరలోంచి గ్లాసు తీశాను. ఇన్నేళ్ళలో వేరే ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు అమ్మ. కడిగి, తుడిచి, ఆమె పేరు బయటికి కనిపించేలా పెట్టాను. ఎండలు తగ్గాయి మేడం.