అధ్యక్షుడి రకూన్, మా మేనకోడలి కిటికీ

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను అని లాభం లేదు. ఏ విషయాన్నీ దాని సొంత సైజులో చెప్పడం నాకు చేతకాదు. దారికి పిల్లి అడ్డొస్తే, ఇంటికొచ్చి చెప్పేసరికి అది చిరుతపులి అవుతుంది. మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ నా మాటల్ని నాలుగో వంతుకి కుదించి వింటోంది కాబట్టే మా సంసారం నడుస్తోంది. మీరూ అలాగే చదవండి. కోపాన్ని మాత్రం కుదించకండి. దాన్ని నేను పెంచలేదు, అది పుట్టడమే ఆ సైజులో పుట్టింది.

ఆ కోపం అమెరికా అధ్యక్షుల మీద. వాళ్ళ మీద కూడా కాదు, వాళ్ళు పెంచుకున్న జంతువుల మీద.

మేముండేది కెనడాలో, స్కార్‌బరోలో, మబ్బులు వంటింటి కిటికీలోంచి తొంగిచూసి కాస్త చింతపండు అడిగేంత ఎత్తున్న అపార్ట్‌మెంటులో. ఆ ఏడాది మన పిల్లలు కెనడాకి వరదలా వచ్చారు. హైదరాబాదు నుంచి దిగే విమానంలో పైలట్ తప్ప అందరూ కాలేజీలో చేరడానికే వస్తున్నట్టుండేది. ప్రతివాళ్ళ పెట్టెలోనూ ఒక ప్రెషర్ కుక్కరు, దుప్పట్ల మధ్య చుట్టిన ఆవకాయ. అన్నీ వచ్చాయి గానీ ఇళ్ళు ఏ విమానంలోనూ రాలేదు. ఎవరైనా వాట్సాప్ గ్రూపులో 'గది ఖాళీ' అని పెడితే, వాళ్ళ ఫోను వేడెక్కి దాని మీద పెసరట్టు పోసుకోవచ్చు.

ఆ వరదలోనే మా అక్క కూతురు వచ్చి మా హాల్లో సోఫా మీద ఆగింది. కాలేజీ కిచెనర్ అనే ఊళ్ళో. మా ఇంటి నుంచి బస్సు, సబ్‌వే, రైలు, మళ్ళీ బస్సు ఎక్కి అక్కడికి చేరేలోపు పాఠం చెప్పే మేష్టారు రిటైరైపోతారు. సోమవారం క్లాసులు మొదలు. అంతలోపు అక్కడ గది దొరకాలి. ఆ పిల్ల అడిగింది ఒక్కటే.

"ఎంత చిన్న గదైనా ఫర్వాలేదు మామయ్యా. కిటికీ ఉండాలి. అమీర్‌పేట హాస్టల్లో కిటికీ లేని గదిలో ఉన్నాను. రాత్రుళ్ళు ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. అది మాత్రం మళ్ళీ నా వల్ల కాదు."

సరే, వెతికాం. కిచెనర్‌లో ఒక పెద్దాయన దొరికారు. జీవితమంతా అమెరికాలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు ఉద్యోగం ఇక్కడని ఇటొచ్చి, ఏనుగుల్ని కట్టేసుకోదగ్గ ఇల్లు కొనుక్కున్నారు. ఫోన్ చేశాను.

"శనివారం తీసుకురండి. చిన్న టెస్ట్ పెడతాను," అన్నారు.

"టెస్టేమిటండీ? అద్దెకి కదా?"

"డిగ్రీలు అందరికీ ఉన్నాయి బాబూ. జిజ్ఞాస ఎవరికుంది? అమెరికన్ ప్రెసిడెంట్స్ మీద జనరల్ నాలెడ్జ్ అడుగుతాను. వాళ్ళ ఫ్యామిలీలు, వాళ్ళ పెట్స్, ఎవరెలా పోయారు, అంతే."

"అంకుల్ గారూ, మనం కెనడాలో ఉన్నాం కదండీ?"

"అందుకే! పక్కదేశం గురించి తెలియని మనిషికి నా పక్క పోర్షన్ ఎలా ఇస్తాను?"

నా బీపీ లేచి మా అపార్ట్‌మెంటు పైకప్పు తాకింది. ఈ దేశానికో ప్రధానమంత్రి ఉన్నాడు, ఆయన కుక్కని ఒక్కడూ అడగడు! కానీ గది కావలసింది మాకు. అలాగేనండీ అన్నాను.

పరీక్ష అన్న మాట గాలిలో వినబడితే చాలు, మన జాతిలో బిట్లు పుట్టుకొస్తాయి. అంకుల్ గారి టెస్టులో తప్పిన పిల్లలు బయటికొచ్చి వాళ్ళనేమడిగారో తర్వాతి వాళ్ళకి చెప్పారు, వాళ్ళు ఆ తర్వాతి వాళ్ళకి చెప్పారు. అలా కిచెనర్ తెలుగు విద్యార్థిలోకమంతా 'అంకుల్ బిట్స్' ఎంసెట్ స్థాయిలో బట్టీ పడుతోంది. శనివారం హైవే మీద మిల్టన్ అనే ఊరు దాటుతుండగా మా పిల్ల చేత నేను అప్పజెప్పించుకుంటున్నాను.

"చెర్రీపళ్ళు, చల్లటి పాలు?"

"అవి పుచ్చుకుని జబ్బుపడి పోయిన ప్రెసిడెంట్."

"కోటు లేకుండా?"

"చలిలో కోటు లేకుండా బోలెడంతసేపు ప్రమాణస్వీకారం ఉపన్యాసం ఇచ్చి నెలకే పోయినాయన. నువ్వు కూడా జాకెట్ వేసుకోలేదు మామయ్యా."

"నేను ఉపన్యాసం ఇవ్వనులే. ఒకే రోజు పోయిన ఇద్దరు?"

"స్వాతంత్ర్య దినోత్సవం నాడే. మాజీలు. ఫ్రెండ్సే, కానీ పడేది కాదు."

"అంత్యక్రియల్లో బూతులు?"

"చిలక. చనిపోయినాయన పెంచుకున్నది. అందరి ముందూ తిడుతుంటే బయటికి తీసుకుపోయారు."

"లిఫ్టు?"

"పొట్టిగుర్రం. ప్రెసిడెంట్ గారబ్బాయికి జబ్బు చేస్తే చూడ్డానికి వైట్‌హౌస్‌లో లిఫ్టెక్కి మేడమీదికెళ్ళింది." ఆ మాటని కారు కిటికీ వైపు తిరిగింది. "నిజంగా గుర్రాన్ని పై గదిలోకి తీసుకెళ్ళారంటావా?"

"తీసుకెళ్ళారు. అమెరికా వాళ్ళు నాలాగా కోతలు కొయ్యరు."

అంకుల్ గారి గుమ్మం ముందు తిరుపతిలో ఉన్నన్ని చెప్పులున్నాయి. హాల్లో మన ఆడపిల్లలు బారులు తీరి నించున్నారు. అంకుల్ గారు సోఫాలో ఆసీనులై 'అంత్యక్రియల్లో' అనగానే, ప్రశ్న పూర్తికాక ముందే గది నలుమూలల నుంచీ "చిలక!" అని వినబడింది. 'చల్లటి' అనగానే "చెర్రీస్ అంకుల్!" అందరికీ నూటికి నూరు.

"ఈ జనరేషన్‌లో ఇంత జిజ్ఞాసా!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

అందరూ ఫస్టొస్తే గది ఎవరికివ్వాలి? ఆయన కాస్త ఆలోచించి కొత్త ప్రశ్న వేశారు. "ఒక ప్రెసిడెంట్ రకూన్‌ని పెంచారు కదా. అసలది వైట్‌హౌస్‌కి ఎందుకొచ్చింది?"

రకూన్ అంటే తెలుసుగా? స్కార్‌బరోలో మన చెత్తడబ్బా మూత మనకన్నా నేర్పుగా తీసి, నిన్నటి సాంబారు రుచి చూసిపోయే జీవి. బిట్లలో ఎవరు, ఏమిటి అన్నవే ఉంటాయి, ఎందుకు అన్నది ఉండదు. మా పిల్ల మెల్లగా అంది: "ఎక్కడా గది దొరక్క వచ్చుంటుంది అంకుల్."

అందరూ గొల్లుమన్నారు. అంకుల్ గారూ నవ్వారు. "రాంగ్! పండగ విందుకి వండుకోమని ఎవరో పంపారు. ప్రెసిడెంట్ దంపతులు వండుకోలేక పెంచుకున్నారు. మెడకి పట్టీ, ఆడుకోడానికి స్నానాల తొట్టి, చెట్టు మీద దానికో ఇల్లు. తప్పు చెప్పినా సొంతంగా ఆలోచించావు, నువ్వు సెలెక్టెడ్. పద, గది చూద్దువుగాని."

కిందికి దిగాం. మెట్లు ఎంత లోతుకున్నాయంటే, సగం దారిలో పాతాళలోకం వాళ్ళ ఇన్వర్టర్ మోత వినబడింది. అది ఇన్వర్టర్ కాదు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు. దాని పక్కన బియ్యం బస్తాలు, బస్తాల పక్కన ఒక మంచం, మంచం చుట్టూ నాలుగు గోడలు. నాలుగూ గోడలే.

"కిటికీ అంకుల్?"

"బేస్‌మెంట్ కదమ్మా. కిటికీ ఉంటే వింటర్‌లో చలిగాలి. ఇదైతే హాయిగా, వెచ్చగా."

మా పిల్ల బియ్యం బస్తా మీద చెయ్యేసి నించుంది.

"అంకుల్, ఆ రకూన్‌ని కూర వండుకోమని పంపారు కదా. దానికేమో ఇల్లిచ్చారు, తొట్టిచ్చారు. గుర్రాన్ని లిఫ్టులో మేడమీదికి తీసుకెళ్ళారు. నేను వీసా తీసుకుని, ఫీజు కట్టి, అద్దె కూడా ఇస్తానని వచ్చాను. నన్ను కిందికి దిగమంటున్నారేంటి?"

మెట్ల పైనుంచి ఆంటీ గారి గొంతు వినబడింది.

"ఏమండీ, పైన మీ ప్రెసిడెంట్ల ఫోటోల గది ఉత్తినే ఉందిగా! తూరుపు వైపు అంత పెద్ద కిటికీ. పోయినవాళ్ళకి ఎండెందుకు, గాలెందుకు? పిల్లకిచ్చేసెయ్యండి."

అంతే. ఆ మధ్యాహ్నమే అమెరికా అధ్యక్షులందరూ ఒక్కొక్కరే బేస్‌మెంటుకి దిగారు. మొదటాయన్ని నేనే మోశాను. కట్టుడు పళ్ళు బిగించుకుని నావైపు గుర్రుగా చూస్తూ దిగాడు. అందరికన్నా లావుపాటాయన మెట్ల మలుపులో ఇరుక్కుంటే నలుగురం పట్టి తోశాం. మా మేనకోడలు పై గదిలో కిటికీ రెక్క బార్లా తెరిచి, గుండెనిండా గాలి పీల్చి, "మామయ్యా, ఇక్కడి నుంచి చెట్టు కనిపిస్తోంది!" అని అరిచింది.

ఇక నాలుగో వంతుకి కుదించాల్సింది ఎక్కడో చెప్పేస్తాను. చిలక, గుర్రం, రకూన్ నేను కల్పించినవి కావు, అమెరికా చరిత్రకి నా సాయం అక్కర్లేదు. మా పిల్ల ఆ మాటలన్నీ అంది. ఆంటీ గారూ అన్నారు. నేను కల్పించింది ఆ తర్వాత ఫోటోలు కిందికి దిగడం, పిల్ల పై గదికెక్కడం. అంకుల్ గారు పైకి చూసి, "కింద తేమ ఉంటుందే, ఫోటోలు పాడైపోతాయి," అన్నారు. నిజంగా అన్నారు.

పైన హాల్లో మిగిలిన పిల్లలు ఇంకా వెళ్ళలేదు. మేం వద్దంటే ఎవరికిస్తారోనని నించునే ఉన్నారు. మా మేనకోడలు వాళ్ళ అడుగుల చప్పుడు వింది, నావైపు చూసింది, సోమవారాన్ని తలుచుకుంది. "సరే అంకుల్," అంది.

ఆ చలికాలమంతా ఊపిరాడనప్పుడు మెట్ల మీదికొచ్చి తలుపు తీసుకుని కూర్చుని చదువుకునేదట. మంచం ఎదుటి గోడకి, కిటికీ ఉండాల్సిన చోట, ఆ రకూన్ ఫోటో ఒకటి ప్రింటు తీసి అతికించింది. అది చూసి అంకుల్ గారు పనిగట్టుకుని నాకు ఫోన్ చేశారు.

"చూశారా బాబూ," అన్నారు మురిసిపోతూ, "మీ అమ్మాయికి జిజ్ఞాస మొదలైంది!"