క్వారీ జలపాతం

హోసూరులో ఫ్యాక్టరీ గేటుపాసుల కోసం వచ్చేవాళ్ల గడ్డాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "భుజాలు దించప్పా" అంటూ ఫొటోలు తీయడమే ఓబయ్యకు పదిహేనేళ్లుగా పని. 2005లో ముసురుపట్టి, ఫ్యాక్టరీల వెనకున్న పాత రాతిక్వారీ అంచు మీంచి నీళ్లు దూకుతున్నాయని విని, స్టూడియో మూసి పరుగెత్తాడు. ఫిల్ములో ఒక్క ఫొటోకే చోటు మిగిలింది. కెమెరాను చొక్కా కింద దాచుకుని, మోకాళ్లలోతు బురదలో ఎండ కోసం మూడు గంటలు నిలబడ్డాడు.

"చాలు రాప్పా, జరమొస్తాది!" గట్టు మీంచి భార్య వరమ్మ కేకేసింది.

"ఎండొచ్చేదాకా కదిలేది లేదమ్మే!"

మబ్బు చీలింది. పొగగొట్టాల నడుమ నీళ్లు భగ్గుమని వెలిగాయి. ఓబయ్య ఒక్కసారే నొక్కాడు.

వారం తిరిగేసరికి ఆ ఫొటో స్టూడియో ముందరి గాజు అద్దం వెనక నిలువెత్తున నిలిచింది. షిఫ్టు వదిలిన జనం రోడ్డంతా నిండిపోయి చూశారు.

"ఇది యాడప్పా, కేరళానా?"

ఓబయ్య గుమ్మంలోకొచ్చి వీధంతా వినబడేలా చెప్పాడు: "ఈడే! మన హోసూరే!"