తమ్ముని వాటా

ఐదో తరగతిల బడికి సెలవు పెట్టిన నేను ఇప్పటిదాంక మళ్ల పోలే. అయినా మనుషులను మస్తు చదువుతనని నాకు పొగరు. అట్ల చదివినంకనే, నౌబాద్‌ల ఉన్న నా ఇంకో ఇంట్ల ముందు వాటా ఒకాయనకు కిరాయికిచ్చిన. అతను అన్నా అన్నడు, నేను తమ్మీ అన్న. ఖాళీగున్న వెనుక వాటా తాళంచెవి గూడ అతనికే అప్పజెప్పిన.

ఒకనాడు నల్లా బాగుచేద్దామని పానా పట్టుకొని పోతే, వెనుక వాటాల ఎవరో కొత్తామె బట్టలు ఆరేస్తాంది.

"నల్లా మిస్త్రీవా? ఓనరు బయటికి పోయిండు," అన్నది.

"ఓనరెవరమ్మా?"

"ముందింటాయన. మొన్ననే మాకు కిరాయికిచ్చిండు."

నాలుగేండ్లు అతనింట్ల తాగిన చాయంత ఒక్కసారే చేదైంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆమె గోధుమలు చెరుగుకుంట తల గూడ ఎత్తలే.

"తమ్ముడన్నవు గద. తమ్మునికి వాటా రాదా మరి?"